నేసిన రంగే తెరమీద: చేతిపనుల అమ్మకానికి ఏ కెమెరా?

మంగళగిరిలో, చీరాలలో, వేటపాలెంలో చేనేత బట్టలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టిన ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న వస్తుంది: ఫోను చాలా, కెమెరా కొనాలా? కొంటే ఏది కొనాలి? దుకాణంవాడు ఒకటి చెబుతాడు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు మరొకటి చెబుతాడు, యూట్యూబులో ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు. వీటిలో అబద్ధం పెద్దగా ఉండదు. అయితే అందరూ కెమెరా దగ్గర మొదలుపెట్టి కెమెరా దగ్గరే ఆగుతారు. నేను బట్ట దగ్గర మొదలుపెడతాను. ఎనభయ్యో నంబరు నూలు, జరీ అంచు, మిరపపండు రంగు, దుర్గి రాతి శిల్పం, అద్దాల కుట్టు వంటివాటిలో ఒక్కొక్కటి కెమెరాను ఒక్కో రకంగా ఇబ్బంది పెడుతుంది. ఆ ఇబ్బంది ఏమిటో తెలిస్తే ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది.

ఫొటో తప్పితే నష్టం ఎవరికో ముందు చూద్దాం. ‘ఫొటోలో చూసిన రంగు ఇది కాదు’ అని చీర వెనక్కి వచ్చిందంటే రానుపోను కొరియర్ ఖర్చు చాలాసార్లు అమ్మినవాళ్ల నెత్తినే పడుతుంది. మడత విప్పిన చీరకు మళ్లీ ఇస్త్రీ, మళ్లీ మడత. ఒకసారి తిరిగొచ్చిన చీరను కొత్త ధరకు అమ్మడం కష్టం. 2020 జులైలో కేంద్రం తెచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. ఆ ప్రకటనలో కొనేవాళ్లు మొదట చూసేది ఫొటోనే. కాబట్టి ఇక్కడ ఫొటో అందంగా ఉండటంకంటే నిజంగా ఉండటం ముఖ్యం. నా మాటంతా దీని మీదే నిలుస్తుంది.

మిల్లు బట్ట అమ్మేవాళ్లకు ఈ బాధ తక్కువ. ఒక్క ఫొటో తీసి వెయ్యి చీరలకు పెట్టుకోవచ్చు. చేనేతలో ఒక పడుగు మీద దిగేది కొన్ని చీరలే. తర్వాతి పడుగుకు అద్దకం మారుతుంది, అదే ‘నేరేడు రంగు’ ఒక ఛాయ ముదురుతుంది. అంటే ఫొటోలు తీస్తూనే ఉండాలి, పోయిన నెల తీసినవాటి పక్కన పెడితే తేడా కెమెరాది కాకుండా బట్టదే అయి ఉండాలి. అందుకే చేతిపనులకు పనికొచ్చే కెమెరా అంటే మనం పెట్టిన అమరికను తనంతట తాను మార్చనిది. ఇంత చిన్న లక్షణాన్ని బట్టి ఎంచుకునేవాళ్లు అరుదు. ఎక్కువమంది మెగాపిక్సెళ్లు లెక్కపెట్టి కొంటారు.

కెమెరా మాట అలా ఉంచి, వెలుగు సంగతి. చాలా ఇళ్లలో ఫొటో చెడేది ఇక్కడే. కిటికీ నుంచి పగటి వెలుగు వస్తుంటుంది, పైన ట్యూబులైటు వెలుగుతుంటుంది. కంటికి రెండూ తెలుపే. కెమెరాకు ఒకటి నీలం, ఇంకొకటి పచ్చ లేదా పసుపు. చీర ఒక వైపు ఒక రంగులో, మరో వైపు ఇంకో రంగులో పడుతుంది, దాన్ని ఏ యాప్‌తోనూ పూర్తిగా సరిదిద్దలేం. లైటు ఆపేయడమే మందు. ఉత్తరం వైపు వరండా ఉంటే అంతకంటే మంచి స్టూడియో లేదు, ఏడాదిలో చాలాకాలం ఎండ నేరుగా పడదు, పగలంతా వెలుగు నెమ్మదిగా మారుతుంది. ఎండ పడే కిటికీ అయితే పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే నీడలు మెత్తబడతాయి. ఎదురు వైపు ఒక థర్మోకోల్ అట్ట నిలబెడితే చీకటి పక్క తేరుకుంటుంది. ఈ మొత్తానికి అయ్యే ఖర్చు నూటయాభై, రెండు వందలు.

పరిసరాల రంగును కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన వైపు ఎర్ర గచ్చు అరుగులు ఇంకా ఉన్నాయి. మిరప కోతల రోజుల్లో కళ్లాల్లో ఎకరాలకొద్దీ ఎరుపు పరుచుకుని ఉంటుంది. ఆ నేపథ్యం బాగుంటుందని తెల్ల నూలు చీరను అక్కడ పెట్టి ఫొటో తీస్తే కింది నుంచి ఎర్ర కాంతి ఎగదన్ని తెలుపు గులాబీ ఛాయకు తిరుగుతుంది. పచ్చరంగు వేసిన గోడ పక్కన కూడా ఇంతే. బట్ట చుట్టూ నాలుగైదు అడుగుల మేర తెలుపో బూడిద రంగో ఉంటే చాలు.

రాత్రిపూట తీయక తప్పని వాళ్లకు ఎల్ఈడీ దీపాలే దిక్కు. వీటిని వాట్లు చూసి కొనకూడదు. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే సి.ఆర్.ఐ. అనే అంకె పెట్టె మీద ఉంటుంది. ఇంట్లో వాడే మామూలు బల్బులకు అది 80 దగ్గర ఉంటుంది, ఫొటో దీపాలకు 95 పైన ఉండాలి. ఇందులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా సంబంధించిన మెలిక ఉంది. ఆ అంకెను ఎనిమిది లేత రంగుల మీద లెక్కగడతారు, ముదురు ఎరుపు అందులో లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. సి.ఆర్.ఐ. బాగానే ఉండి ఆర్9 తక్కువగా ఉన్న దీపం కింద మిగతా రంగులు సరిగానే కనిపిస్తాయి, కుంకుమ ఎరుపు మాత్రం ఇటుకపొడిలా చస్తుంది. ఎర్రచీరలు, ఎండు మిర్చి, కారప్పొడి అమ్మేవాళ్లు ఈ ఆర్9 అంకె అడక్కుండా దీపం కొనకూడదు.

ఇక ఎరుపు దగ్గరికే వద్దాం. గుంటూరు మిర్చి యార్డు నీడలో బతికే మనకు ఇది పెద్ద విషయం. దాదాపు ప్రతి డిజిటల్ కెమెరాలోనూ, ఫోనులోనూ సెన్సర్ మీద రంగుల జల్లెడ ఒకటి పరిచి ఉంటుంది. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన అమరిక అది, 1976లో పేటెంట్ వచ్చింది. అందులో ప్రతి నాలుగు గళ్లకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మనిషి కన్ను ఆకుపచ్చ వైపు సూక్ష్మాలను బాగా పట్టుకుంటుంది కాబట్టి బేయర్ అలా అమర్చాడు. దాని ఫలితం ఎర్ర బట్టకు ప్రతికూలం. పూర్తి ఎరుపు చీరను ఫొటో తీస్తే పనిచేసేది ముఖ్యంగా నాలుగింట ఒక గడి, మిగిలినవి దాదాపు చీకట్లో ఉంటాయి. అందుకే అదే నేత, అదే వెలుగు అయినా చిలకపచ్చ చీరలో పోగులు తేటగా కనిపిస్తాయి, ఎర్రచీర మాత్రం రంగు పూసిన రేకులా ఉంటుంది. అది చాలక ఎరుపు ఒక్కటే ముందుగా నిండిపోతుంది. మొత్తం ఫొటో మామూలు వెలుగులో ఉన్నట్టే కనిపిస్తుంది, ఎరుపు భాగంలో మాత్రం మడతలు, నీడలు మాయమవుతాయి. కారప్పొడి గిన్నె ఫొటోల్లో పొడి గరుకుదనం పోయి ఎర్రముద్దలా కనిపించడానికి కారణం ఇదే. విరుగుడు తేలిక. కెమెరాలో వెలుగును అరమెట్టో ముప్పాతిక మెట్టో (మెట్టు అంటే ఒక స్టాప్) తగ్గించి తీయాలి. మూడు రంగుల హిస్టోగ్రామ్ (వెలుగు పంపకం చూపే గ్రాఫు) విడివిడిగా చూపే కెమెరా అయితే ఎర్ర గీత కుడి గోడకు తగలకుండా చూసుకోవాలి. పక్కనుంచి వాలుగా వెలుగు రానిస్తే పోగు మీద పోగు నీడ పడి నేత మళ్లీ బయటపడుతుంది.

తెలుపు దీనికి సరిగ్గా ఎదురు. కెమెరాలోని కొలత యంత్రం కంటిముందున్నది నడిమి బూడిద రంగు అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేమంతా తెల్లచీర ఉంటే దాన్ని కూడా బూడిదకు లాగుతుంది. మంగళగిరి తెల్ల పంచెల ఫొటోలు మాసినట్టు కనిపించేది ఇందుకే. ఒకటి నుంచి ఒకటిన్నర మెట్టు వెలుగు పెంచాలి. నల్లచీరకు తగ్గించాలి. తెలుపు సరిచూసుకోవడానికి చాలామంది ఎ4 కాగితం వాడతారు, అది మంచి పద్ధతి కాదు. కాగితాన్ని తెల్లగా చూపించడానికి మిల్లులో కలిపే రసాయనం పగటి వెలుగులో నీలంగా మెరుస్తుంది, దాన్ని తెలుపని నమ్మిన కెమెరా మిగతా రంగులన్నిటినీ పసుపు వైపు జరుపుతుంది. నీలిమందు పెట్టిన బట్టతో కూడా ఇదే ఇబ్బంది. కొన్ని వందల రూపాయలకు దొరికే బూడిదరంగు అట్ట నమ్మదగింది. చలువ చేయని నూలుకుండే సహజమైన గోధుమ ఛాయను అమ్మేవాళ్లకు ఇది మరీ అవసరం, ఆ ఛాయకే వాళ్లు ధర అడుగుతున్నారు.

ఇప్పుడు మెగాపిక్సెళ్ల లెక్క. అంగుళానికి 70 పోగులున్న బట్ట, 48 అంగుళాల పన్నా అనుకుందాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఫొటో వెడల్పు 6000 గళ్లు (పిక్సెళ్లు). పన్నా మొత్తం ఫ్రేములో పట్టిస్తే అంగుళానికి 125 గళ్లు, అంటే ఒక్కో పోగుకు రెండు గళ్లకు కూడా తక్కువ. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటోలో వెడల్పు 4000 గళ్లు, పోగుకు ఒకటి మాత్రమే. పోగుల వరుస, గళ్ల వరుస ఇలా దగ్గర దగ్గరగా వచ్చినప్పుడు రెండూ పెనగులాడి బట్ట మీద లేని వంకర చారలు, ఇంద్రధనుస్సు మరకలు పుడతాయి. దీన్నే మోయిరే అంటారు. సన్నని నేత ఫొటోలో ‘నీళ్ల చారలు పడ్డాయి’ అని అమ్మకందారులు బాధపడేది దీని గురించే. నేత స్పష్టంగా కనిపించాలంటే పోగుకు కనీసం ఐదు గళ్లు కావాలి. అలా లెక్కేస్తే పెద్ద కెమెరాతో ఫ్రేము వెడల్పు 17 అంగుళాలు, ఫోనుతో 11 అంగుళాలు దాటకూడదు. పూర్తి చీర ఫొటో ఒకటి, మూర కంటే తక్కువ వెడల్పు బట్టను దగ్గరగా చూపే ఫొటో ఒకటి వేరువేరుగా తీయాలన్నమాట. 48, 50, 108 మెగాపిక్సెళ్లని పెట్టెల మీద రాసిన ఫోన్లు మామూలుగా నాలుగో తొమ్మిదో గళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి కాబట్టి ఈ లెక్క వాటికీ అంతే.

చారలు తగ్గించడానికి కొన్ని కెమెరాల్లో సెన్సర్ ముందు ఫొటోను అతి కొద్దిగా మెత్తబరిచే పొర ఉంటుంది. కెనాన్ 1500డిలో అది ఉంది. నికాన్ డి3500లో లేదు, అందుకే దాని ఫొటోలు మరింత పదునుగా ఉంటాయి, సన్నని బట్ట మీద చారలూ తొందరగా పడతాయి. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు పొర లేకపోవడం లాభం, బట్టలు తీసేవాళ్లకు ఉండటమే లాభం. చార పడిందని గమనిస్తే ఒక అడుగు ముందుకో వెనక్కో జరిగినా, బట్టను కొంచెం తిప్పినా చాలాసార్లు పోతుంది. కెమెరా వెనుక తెరలో చారలు కనిపించి అసలు ఫొటోలో లేకపోవడం కూడా మామూలే, పెద్దది చేసి చూసుకోకుండా నిర్ణయానికి రాకూడదు.

మిగతా రంగుల్లో రెండింటి గురించి చెప్పి తీరాలి. వంకాయ రంగు, ముదురు ఊదా కెమెరాల్లో తరచు నీలానికి జారుకుంటాయి. నెమలి కంఠం రంగు కష్టం ఇంకో రకం. వెబ్‌లో సర్వసాధారణంగా వాడే ఎస్ఆర్‌జీబీ అనే రంగుల పరిధిలో పచ్చ, నీలం కలిసే చోటు ఇరుకైంది. చిక్కటి నెమలి కంఠం దానిలో పట్టదు, ఎంత ఖరీదైన కెమెరా కొన్నా పట్టదు. పెద్ద కంపెనీలకూ రంగుల దెబ్బ తప్పలేదు. 2006లో వచ్చిన లైకా ఎం8 కెమెరాలో నల్లటి సింథటిక్ బట్టలు ఊదాగా పడేవి. కంటికి కనిపించని పరారుణ కాంతిని ఆపే పొర అందులో పలచగా ఉండటమే కారణం, ఆ కంపెనీ కొన్నవాళ్లకు ఫిల్టర్లు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. ఇక కొనేవాళ్ల ఫోను తెర ఎలాంటిదో, అందులో రంగులు ఎంత పెంచి పెట్టుకున్నారో మన చేతిలో లేదు. అందుకని ఫొటో పక్కన రంగు పేరు మన మాటల్లో రాయడం చాలా అవసరమని నా నమ్మకం. మెంతి రంగు, కనకాంబరం, గంధం, నేరేడు, చిలకపచ్చ అంటే తెలుగు కొనుగోలుదారుకు తెర చెప్పలేనిది కూడా తెలుస్తుంది.

బట్టను కళ్లతో చూసి తాకకుండా కొనడంలో ఉన్న లోటు కొత్తది కాదు. 1866లో లండన్‌లోని ఇండియా ఆఫీసు కోసం జాన్ ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు బట్టల నమూనాలను 18 సంపుటాలుగా కూర్చాడు. అప్పటికి ఫొటోగ్రఫీ ఉంది. అయినా ఆయన ఫొటోలతో సరిపెట్టుకోలేదు, అసలు బట్టలనే కత్తిరించి 700 ముక్కలు అంటించాడు. అలాంటి సెట్లు 20 చేసి 13 బ్రిటన్‌లో, 7 ఇండియాలో ఉంచారు. ఇక్కడివాళ్లు ఏ బట్ట కడతారో మాంచెస్టర్ మిల్లులవాళ్లు చూసి, తాకి, అలాంటిదే తయారుచేసి మనకు అమ్మడానికి చేసిన పని అది, మన మగ్గాలకు దాని వల్ల జరిగింది కీడే. కానీ ఆ పద్ధతిలో ఉన్న తెలివి మనకూ అక్కరకొస్తుంది. ఒకే రంగు తానులు మీటర్ల లెక్కన కొనే బొటిక్‌లవాళ్లకు, విదేశాల్లో ఉన్న తెలుగు దుకాణాలకు రెండంగుళాల బట్టముక్కలు కవరులో పంపడం ఏ కెమెరా కంటేనైనా నమ్మకమైన దారి.

సరే, పరికరాల్లోకి. ఫోను వైపు వాదించేవాళ్ల బలం పెద్దదే. చేతిలో ఉంది, ఫొటో తీసిన నిమిషంలో వాట్సాప్‌లో పెట్టొచ్చు, కదలని వస్తువు కాబట్టి స్టాండు మీద పెడితే చిన్న సెన్సర్ లోపం చాలావరకు కప్పబడుతుంది. కానీ ఫోను తనంతట తాను చేసే పనులు చేతిపనికి హాని చేస్తాయి. నాలుగైదు ఫొటోలు కలిపి ఒకటి చేస్తుంది, రంగులు పెంచుతుంది, మచ్చలనుకున్నవాటిని తుడిచేస్తుంది. చేతి నేతలో పోగు అక్కడక్కడ లావెక్కడం, సన్నబడటం ఉంటుంది. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే కర్ర మొనలు అంచుల్లో సూదిబెజ్జాలంత గుర్తులు వదులుతాయి. మరమగ్గం బట్టకూ చేనేతకూ తేడా చూపించే సాక్ష్యాలు ఇవే. ఫోను వాటిని లోపాలుగా చూసి నునుపు చేసేస్తే మనం నేసిన చీర ఫొటోలో మరమగ్గం చీరలా తేలుతుంది. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల బట్టల్ని చేనేతకే కేటాయించినా నకళ్ల పోటీ ఆగలేదు. ఆ పోటీలో మన రుజువును మన ఫోనే చెరిపేయడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం.

కాబట్టి ఫోనుతో తీసేవాళ్లు ‘ప్రో’ మోడ్‌లోకి వెళ్లి వెలుగు, తెలుపు అమరికలను బిగించుకోవాలి. ఆ మోడ్ లేకపోతే తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు తాళం పడతాయి. రా ఫొటో, అంటే డీఎన్‌జీ తీసే సౌకర్యం ఉంటే ఫోను చేసే మెరుగులు చాలావరకు తప్పుతాయి. ఫోను అసలు లెన్సు విశాలంగా చూస్తుంది కాబట్టి మరీ దగ్గరికి వెళ్తే వస్తువు ముందు భాగం ఉబ్బుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టడం మేలు. తక్కువ ధర ఫోన్లలో మాక్రో పేరుతో ఇచ్చే 2 మెగాపిక్సెళ్ల లెన్సును అసలు వాడొద్దు.

కెమెరా వైపు వాదానికి అసలు బలం పెద్ద సెన్సర్ కాదని నా అభిప్రాయం. మీటలు తిప్పి పెట్టిన అమరిక రేపటికీ, వచ్చే నెలకూ అలాగే ఉండటం, లెన్సు వంకరలు తక్కువగా ఉండటం, కంప్యూటర్‌కు కలిపి పెద్ద తెర మీద చూస్తూ తీయగలగడం, ఈ మూడూ దాని బలం. వారానికి ముప్పై నలభై చీరలు ఫొటో తీయాల్సిన మాస్టర్ వీవర్‌కు, సొసైటీకి ఇది నిజమైన అవసరం. వారానికి నాలుగు చీరలు అమ్మే ఇంటికి అక్కర్లేదు.

కెనాన్ 1500డి, 200డి మార్క్ 2, ఆర్100, ఆర్50, సోనీ జడ్‌వీ-ఈ10 వంటి చిన్న తరగతి కెమెరాలన్నీ 24 మెగాపిక్సెళ్ల చుట్టుపక్కలే, నికాన్ జడ్30 దాదాపు 21. ఫొటో నాణ్యతలో వీటి మధ్య తేడా బట్ట కొనేవాళ్లకు కనిపించనంత. మరి దేన్ని చూసి ఎంచుకోవాలి? మడతపెట్టిన చీరను నేల మీద పరిచి పైనుంచి తీయడం మనకు రోజూ ఉండే పని. 1500డి, ఆర్100లకు వెనుక తెర కదలదు, స్టూలెక్కి మెడ వంచి చూడాలి. 200డి మార్క్ 2, ఆర్50, జడ్‌వీ-ఈ10, జడ్30లకు తెర పక్కకు తెరుచుకుని తిరుగుతుంది. అందుకే సాంకేతిక పట్టికల్లో చివర రాసే ఈ తెర నా దృష్టిలో మొదట రావాలి. లెన్సుతో కలిపి వీటి ధరలు మోడల్‌ను బట్టి సుమారు 40 వేల నుంచి 75 వేల దాకా ఉంటాయి. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు మిర్రర్‌లెస్‌కు మారుతూ అమ్మేస్తున్న పాత డీఎస్ఎల్ఆర్‌లు అందులో సగానికి దొరికితే తీసుకోవచ్చు, కదలని వస్తువుకు పాత కెమెరా ఏమాత్రం తక్కువ కాదు.

అదనపు లెన్సు కొనమని దుకాణంలో తప్పకుండా అడుగుతారు. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే మామూలు 18-55 లెన్సు పావు మీటరు దాకా దగ్గరికి వెళ్లి దాదాపు మూడంగుళాల వెడల్పు బట్టను ఫ్రేము నిండా చూపిస్తుంది. కుప్పడం చీరలో ఒంటి పేక అంచు పేకతో పెనవేసుకునే చోటు చూపడానికి అది చాలు. మాక్రో లెన్సు నగలవాళ్లకు కావాలి, నేతవాళ్లకు కాదు. వెనుక అంతా మసకబారే 1.8 లెన్సు ముఖాలకు అందం, చీరకు చేటు: కొంగు స్పష్టంగా ఉండి అంచు మసకబారితే కొనేవాళ్లు అంచు ఎలా ఉంటుందో ఎక్కడ చూస్తారు? అపర్చర్ ఎఫ్8 దగ్గర పెట్టి, ఐఎస్ఓ 100లో ఉంచి, ట్రైపాడ్ మీద రెండు సెకన్ల టైమర్‌తో తీస్తే అన్నీ తేటగా వస్తాయి. ఆ ట్రైపాడ్‌కు పెట్టే రెండు వేలు రెండో లెన్సుకు పెట్టే పదివేల కంటే ఎక్కువ ఫలితమిస్తాయి.

అందరూ మరిచిపోయే పరికరం ఒకటుంది, జిరాక్స్ షాపులో ఉండే స్కానర్. 600 డీపీఐలో స్కాన్ చేస్తే పైన అనుకున్న బట్టకు పోగుకు ఎనిమిది గళ్లు దాటి వస్తాయి. చదునైన నేతకు, బుటాకు అద్భుతంగా పనిచేస్తుంది. చవక స్కానర్లలో వాడే సీఐఎస్ రకం సెన్సర్ అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తుంది కాబట్టి కుట్టుపనికి, అద్దాల పనికి పనికిరాదు. రంగు విషయంలో కూడా దాన్ని నమ్మకూడదు, నేత చూపడానికి మాత్రమే వాడాలి.

జరీ, అద్దాలు, రాయి గురించి క్లుప్తంగా. జరీ తన ఎదురుగా ఉన్నదాన్ని ప్రతిఫలిస్తుంది. ఎదురుగా చిన్న బల్బు ఉంటే చుక్కలు చుక్కలుగా మెరిసి మిగతాది నల్లబడుతుంది, పెద్ద తెల్ల గుడ్డ ఉంటే అంచు మొత్తం ఒకేలా వెలుగుతుంది. తండాల్లో లంబాడీ స్త్రీలు కుట్టే అద్దాల పనిలో ప్రతి అద్దంలోనూ ఫొటో తీసేవాళ్లు కనిపిస్తారు. కెమెరాను కాస్త పక్కకు జరిపి ఎదురుగా తెల్ల అట్ట నిలబెడితే ఆ బెడద పోతుంది. భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) పొందిన దుర్గి రాతి శిల్పాలకు రంగు చిక్కు లేదు, వెలుగు దిశే ప్రాణం. కెమెరా ఉన్న వైపునుంచే నేరుగా వెలుగిస్తే ఉలి పని చదునైపోతుంది, పక్కనుంచి వాలుగా ఇస్తే ప్రతి గీతా లేచి నిలబడుతుంది. ఫోనును విగ్రహం ముఖానికి దగ్గరగా పెడితే ముక్కు పెరుగుతుంది, దేవుడి బొమ్మలో అది ఎవరూ సహించరు. ఈ మూడింటికీ మంచి వెలుగులో ఫోనే చాలు.

తీసిన ఫొటో ఎక్కడికి పోతుందో కూడా ఎంపికను మారుస్తుంది. అమెజాన్ మొదటి ఫొటోకు పూర్తి తెల్లని నేపథ్యం అడుగుతుంది, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి, పెద్దది చేసి చూడాలంటే పొడవు వైపు కనీసం 1000 గళ్లు ఉండాలి. ఈ మాత్రం ఏ ఫోనైనా ఇస్తుంది. తెల్లచీరకు తెల్ల నేపథ్యంలో అంచు కలిసిపోతుంది కాబట్టి రెండో ఫొటో లేత బూడిద గుడ్డ మీద తీసి పెట్టాలి. వాట్సాప్ మామూలుగా ఫొటోను బాగా కుదిస్తుంది, 2023 నుంచి హెచ్‌డీ ఎంపిక ఉంది, డాక్యుమెంటుగా పంపితే అసలు ఫొటోనే వెళ్తుంది. యూట్యూబ్ లైవ్‌లో వరసగా చీరలు విప్పి చూపేవాళ్లు తెలుపు అమరికకు తాళం వేయకపోతే ఎర్రచీర విప్పగానే తెర నీలమెక్కుతుంది, నీలం చీర విప్పగానే పసుపెక్కుతుంది, ఒక్కదాని రంగూ నమ్మేలా ఉండదు.

కెమెరా కొన్నవాళ్లు దాన్ని కాపాడుకోవడం మన ఊళ్లలో తేలిక పని కాదు. మగ్గాల గదిలో గాలినిండా నూగు ఎగురుతుంటుంది. అక్కడ లెన్సు విప్పితే నూగు సెన్సర్ మీద చేరి ప్రతి ఫొటోలోనూ మచ్చగా పడుతుంది, తెల్ల బట్ట మీద ఆ మచ్చ చీర మరకలాగే ఉంటుంది. కాబట్టి లెన్సు ఒక్కటే ఉంచుకుని దాన్ని విప్పకపోవడం ఉత్తమం. మిర్చి ఘాటు పొడి ఉన్న చోట కూడా ఇదే జాగ్రత్త. గుంటమగ్గం గదులు తేమగా ఉంటాయి, చీరాల వైపు సముద్రపు తేమ తోడవుతుంది, లెన్సు లోపల బూజు పడితే బాగుచేయించే ఖర్చు లెన్సు ధరకు దగ్గరికి వస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడు వేడిచేసి ఆరబెడుతూ కెమెరాను అందులో ఉంచాలి.

డబ్బు చేతికందే వరసలో చెప్పాలంటే: ముందు వరండా, పంచె, థర్మోకోల్, బూడిద అట్ట, ఉన్న ఫోనుకు స్టాండు, అన్నీ కలిపి రెండు వేల లోపు. తర్వాత ఆర్9 చూసి కొన్న రెండు దీపాలు. కెమెరా మూడోది, అదీ ఫొటోల పని రోజూ ఉన్నప్పుడు. నాకు ఇంతకంటే మంచిదనిపించేది సొసైటీ కొనడం. యాభై, అరవై మగ్గాల సొసైటీ ఒక గదికి తెల్లసున్నం వేయించి, తెర తిరిగే కెమెరా ఒకటి ఎత్తులో స్టాండుకు బిగించి, దీపాలు కదలకుండా పెట్టి, సభ్యుల ఇళ్లలో చదువుకున్న ఇద్దరు అమ్మాయిలకు జీతమిచ్చి పని నేర్పితే ఎవరి చీర తెచ్చినా ఒకే వెలుగులో, ఒకే కొలతతో ఫొటో వస్తుంది. పూర్తి చీర, కొంగు, అంచు, వెనుక వైపు, పోగులు కనిపించే దగ్గరి ఫొటో, ఇలా చీరకు అయిదు. క్లస్టర్ పథకాల కింద కామన్ ఫెసిలిటీ సెంటర్లు కట్టే చోట అద్దకానికి, డిజైన్‌కు గదులు ఇస్తున్నప్పుడు దీనికీ ఒక గది అడగాలి. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది అడగాలి.